జడ్జి బావ చూడని ఆఖరి ముక్క

కలకత్తాలో మా మెటియాబ్రుజ్ సందులో కుట్టుమిషన్లు ఒక్కొక్కటే మొదలవుతున్న వేళకి బావ నంబరు నుంచి ఫోనొచ్చింది. ముందురోజు సాయంత్రమే ఇద్దరం ఫోన్లో పోట్లాడుకున్నాం. వంకాయ పచ్చడిలో ఇంగువ పడాలా అక్కర్లేదా అన్నది తగువు. అది తేలకుండానే ఆయన ఫోను పెట్టేశాడు. అందుకని ఎత్తగానే, "ఏటి బావా, ఓడిపోయేవని ఒప్పుకుంటావా" అన్నాను.

అవతల బావ లేడు. ఎవరో బెంగాలీ ఆయన. "ఆప్నీ ఉనార్ కే హొన్?" అన్నాడు. ఆయనకి మీరేమవుతారు అని. బామ్మర్దిని అన్నాను. అతనికి అర్థం కాలేదు. ఆయన నాకు జామాయ్‌బాబు, అక్క మొగుడు అని వాళ్ల భాషలో మార్చి చెప్పాను. అటువైపు రైళ్ల ప్రకటన వినపడింది. తర్వాత అతను చాలా మర్యాదగా చెప్పాడు. సంత్రాగాఛి స్టేషన్లో ఫుట్‌బ్రిడ్జి దిగే మెట్ల మీద పెద్దాయన కూర్చున్నాడట. అలసిపోయాడనుకున్నారట. మంచినీళ్లు ఇవ్వబోతే తీసుకోలేదట. ఫోన్లో పేర్లన్నీ ఏదో తెలియని లిపిలో ఉన్నాయి, ఆఖరుగా మాట్లాడిన నంబరు మీదేనండీ అన్నాడు.

నేను అడిగిన మొదటి ప్రశ్న ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. "సంత్రాగాఛిలో ఆయనకేం పని?" అన్నాను. అక్కడ ఆయనకే పనీ లేదని తేలిపోతే ఆయన చచ్చిపోలేదని కూడా తేలిపోతుందన్నట్టు అడిగాను. పాపం, ఆ ముక్కూ మొహం తెలియని మనిషి ఏం చెబుతాడు.

బావ ఉండేది లిలువాలో. లిలువా నుంచి సంత్రాగాఛి వెళ్లాలంటే లోకల్లో హౌరా దాకా రావాలి, అక్కడ దిగి అవతలి ప్లాట్‌ఫారాలకి నడవాలి, ఇంకో లోకల్ పట్టుకోవాలి. ఆ వయసులో సరదాకి చేసే ప్రయాణం కాదు. చలికాలంలో అక్కడి చెరువుకి ఎక్కడెక్కడి పక్షులో వస్తాయనీ, జనం వెళ్లి చూస్తారనీ తెలుసు. కానీ మా బావకి పక్షుల మీద ఎప్పుడూ ఆసక్తి లేదు. అవి నటించవు కదా.

ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామందికి ఆయన తెలుసు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఆయన మా అక్క మొగుడు. లిలువా వర్క్‌షాపులో రైలుపెట్టెలకి రంగులు వేసి రిటైరయ్యాడు. కానీ హౌరా నుంచి ఖరగ్‌పూర్ దాకా తెలుగు నాటికల పోటీ ఎక్కడ జరిగినా ముందు బల్ల మీద కూర్చునే న్యాయనిర్ణేత ఆయనే. అందుకని ఊరంతటికీ జడ్జిగారు. ఒకసారి వాళ్ల వీధిలో కొత్తగా దిగిన బీహారీ ఆయన ఈ పేరు విని, తమ్ముడికి బెయిలు ఇప్పించమని మిఠాయి పొట్లంతో వచ్చాడు. బావ పొట్లం ముట్టుకోకుండా, "మీ తమ్ముడు ఏ నాటికలో వేశాడు?" అని అడిగాడట. ఇద్దరూ చాలాసేపు ఎవరి ధోరణిలో వాళ్లు మాట్లాడుకున్నారని అక్క ఇప్పటికీ చెబుతుంది. చెప్పేది, అనాలేమో. ఆయన పోయాక ఆమె అలాంటి కబుర్లేవీ చెప్పడం లేదు.

పోటీ రోజున బావ వేరే మనిషి. పొడుగు చేతుల తెల్లచొక్కా, మణికట్టు దగ్గర బొత్తాలు కూడా పెట్టుకునేవాడు. బుగ్గన ఒక లవంగం. పోటీలో ఉన్నవాళ్ల ఇంట మంచినీళ్లు ముట్టేవాడు కాదు, వాళ్ల గడప తొక్కేవాడు కాదు. ఫోను చేసినా ఎత్తేవాడు కాదు. మా తెలుగు సమాజం హాల్లో ముందు వరస బల్ల మొత్తం ఆయనదే. పక్కన ఎవరూ కూర్చోకూడదు, చెవిలో ఎవరూ ఏమీ ఊదకూడదు. అక్క వెనకాల ఆడవాళ్లతో కూర్చునేది. పెళ్లయిన దగ్గర్నుంచి ఆ మొగుడూపెళ్లాలు పక్కపక్కన కూర్చుని ఒక్క నాటకమూ చూడలేదు. ఇదేం సంసారం అని నేను ఎగతాళి చేస్తే అక్క, "ఆయన పక్కన కూకుంటే నాకు నవ్వొచ్చిన కాడ నవ్వనేనురా" అనేది.

నటన, దర్శకత్వం, రచన. ఈ మూడింటికీ ఆయనకి మూడు పద్ధతులు. నటన చూసేటప్పుడు మాట్లాడేవాణ్ణి చూసేవాడు కాదు. "మాటాడేవోణ్ణి హాలంతా సూస్తాది. ఇనేవోణ్ణి నేను సూస్తాను" అనేవాడు. దర్శకత్వానికి తలుపుల్ని చూసేవాడు. స్టేజీ మీద ఇల్లు కట్టినవాడికి ఆ ఇంట్లో వంటగది ఎటుందో తెలిసి ఉండాలి. పాత్ర ఒకసారి ఇటు నుంచీ మరోసారి అటు నుంచీ కాఫీ తెస్తే మార్కులు అక్కడితో సరి. రచన దగ్గరికొచ్చేసరికి కళ్లు మూసుకునేవాడు. నిద్రపోతున్నాడని కొత్తవాళ్లు బెంగపెట్టుకునేవాళ్లు. కళ్లు మూసుకుని విన్నా ఏ మాట ఎవరిదో తెలిసిపోవాలి, లేకపోతే అందరి నోటా రచయితే మాట్లాడుతున్నట్టు లెక్క, అది ఆయన సిద్ధాంతం.

నాకు ఈ సిద్ధాంతాలేవీ బళ్లో చెప్పలేదు. అసలు బడే లేదు. నేను ఖిదిర్‌పూర్ ఓడల డాకులో బస్తాలు మోస్తూ, మన వైపు నుంచి వచ్చే బెల్లం బస్తాల మీద అచ్చేసిన ఊళ్ల పేర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. చాలాకాలం నా తెలుగులో అనకాపల్లి తప్ప ఇంకో మాట రాదని బావ నలుగురిలో అనేవాడు. ఆ నోటితోనే, నేను మొదటిసారి ఈ పత్రికకి రాసి పంపితే చదివి, ఇందులో విన్నవాడు కనిపిస్తున్నాడు అన్నాడు. ఆయన దగ్గర్నుంచి నాకొచ్చిన మెప్పు అదొక్కటే. దాంతోనే ఇంతకాలం రాస్తున్నాను. దారి తప్పాను, మళ్లీ వస్తాను.

నాటికలు వేసేవాళ్లు తగ్గిపోయారు. పిల్లలు సినిమాలు తీయడం మొదలుపెట్టారు. సమాజం వాళ్లు వాటినీ బావ ముందే పెట్టారు. బావ సినిమాని కూడా నాటిక చూసినట్టే చూశాడు. ఒక నాటికకీ ఇంకో నాటికకీ మధ్య తెర దించి, దీపాలేసి, టీ ఇస్తారు కదా. మూడునాలుగు కథల సినిమా వచ్చినా కథకీ కథకీ మధ్య ఆపించి, ట్యూబులైట్లు వేయించి, అందర్నీ మంచినీళ్లు తాగమనేవాడు. ఒక కథ చూసి వచ్చిన ఏడుపు ఇంకో కథకి మార్కులు తేకూడదట. మాకది తప్పని ఎప్పుడూ అనిపించలేదు. మా దగ్గర సినిమా అంటే అలాగే చూస్తారు కాబోలనుకుని పెరిగిన పిల్లలు కూడా ఉన్నారు.

రూపాలి అలా పెరిగిన పిల్లే. వాళ్ల నాన్న పలాస వైపు మనిషి, సంత్రాగాఛి యార్డులో పనిచేస్తాడు. ఆ పిల్ల తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు, సంభాషణలు బెంగాలీ అక్షరాల్లో రాసుకుంటుంది. మాకిద్దరికీ మనవరాలి వరస కట్టుకుని బావని బొడో దాదు, పెద్దతాత అనీ, నన్ను ఛోటో దాదు, చిన్నతాత అనీ పిలిచేది. ఏడాదికి పైగా కష్టపడి నాలుగు కథలతో ఒక సినిమా తీసింది. సమాజం తరఫున విశాఖలో ఏదో పోటీకి సినిమా పంపాలి. పంపాలా వద్దా అన్నది బావ చెప్పాలి. ఇది వెళ్లకపోతే ఇంక సినిమాలు మానేసి సాల్ట్‌లేక్‌లో ఏదో ఆఫీసు ఉద్యోగంలో చేరతానని ఆ పిల్ల వాళ్ల నాన్నకి మాటిచ్చి ఉంది. ఆ సంగతి బావకి తెలుసు. తెలిసినా ఆయన లెక్కలో అది ఉండదు.

మొదటి కథ మా మెటియాబ్రుజ్‌లో కాజాలు కుట్టే అమ్మాయిది. పండక్కి ఊరందరి బట్టలకీ కాజాలు కుట్టి, తన జాకెట్టుకి హుక్కు లేక పిన్నీసు పెట్టుకుంటుంది. రెండోది కార్పొరేషన్లో తెల్లవారకముందే వీధుల్లోకి నీళ్లు వదిలే మనిషిది. సొంత తమ్ముడితో మాటల్లేవు, తమ్ముడి వీధికి మాత్రం నీళ్లు ముందు వదులుతాడు. మూడోది రిటైరైన రైల్వే ఆయన క్వార్టరు ఖాళీ చేసి తాళాలు అప్పజెప్పడం. నాలుగోది టెక్కలి నుంచి కంటి ఆపరేషనుకని కొడుకు దగ్గరికొచ్చి దారి తప్పిన ముసలమ్మది. బెంగాలీ ముక్క రాదు. అయినా ట్రాఫిక్ పోలీసుతోనూ, కండక్టరుతోనూ, ఆఖరికి ఎద్దుతోనూ తెలుగులోనే మాట్లాడేస్తుంది. కలకత్తా మొత్తానికి తెలుగు వచ్చని ఆమె నమ్మకం.

నాలుగో కథ అయిపోయింది. పేర్లు పడటం మొదలైంది. బావ లేచాడు. ఆయన లేచాడంటే ఎవరో ఒకరు లైట్లు వేస్తారు, ఇంకెవరో సౌండు కట్టేస్తారు, అది ఏళ్ల తరబడి జరుగుతున్నదే. ప్రొజెక్టరు కట్టడం మాత్రం ఎవరికీ గుర్తు లేదు. బావ తెరకి వీపు పెట్టి మావైపు తిరిగాడు. రూపాలి ఆనవాయితీ ప్రకారం తెర పక్కన తలొంచుకుని నిలబడింది. బావ తెల్లచొక్కా మీద ఏవో వెలిసిపోయిన రంగులు కదిలాయి. పేర్లు కాబోలనుకున్నాను.

నటన గురించి బాగా చెప్పాడు. కాజాల కథలో పిల్ల కంటే ఆ పిల్ల మాట వింటున్న షాపు ఓనరు బాగా చేశాడన్నాడు. ముసలమ్మ దగ్గరికొచ్చేసరికి, "ఈవిడ నటించలేదు. నిజంగా దారి తప్పింది" అన్నాడు. ఆ వేషం వేసింది లిలువా బజార్లో ఎండుచేపలు అమ్మే మనావిడే. వెనకాల కొంగు నోటికడ్డం పెట్టుకుంది. దర్శకత్వం గురించి, నీళ్ల కథలో బిందె నిండేదాకా కెమెరా కదల్లేదు, ఈ పిల్లకి ఓపికుంది అన్నాడు. క్వార్టరు కథలో మాత్రం మాటలెక్కువన్నాడు. తాళం చేతిలో పెట్టినవాడు ఉపన్యాసం ఇవ్వడట, జేబులు తడుముకుంటాడట. అందరం నవ్వాం. రూపాలి కూడా తలొంచుకునే నవ్వింది.

అప్పుడు ఆఖరి మాట చెప్పాడు.

"నాలుగు గదులు కట్టేవమ్మా. నాలుగూ బాగున్నాయి. ఇల్లు కట్టలేదు. ఇది సినిమా కాదు, నాలుగు నాటికలు."

"ఆచ్ఛా దాదు" అంది ఆ పిల్ల. అంతే. హాలు ఖాళీ అయింది. మగవాళ్లం బావ వెంట బయటికొచ్చి టీలు తాగాం. ఆడవాళ్లు లోపల కప్పులు ఏరుతూ ఉండిపోయారు.

ఆ తర్వాత కొన్నాళ్లకే సంత్రాగాఛి మెట్లు.

డాక్టరు గుండె అన్నాడు. గంగ ఒడ్డున కార్యక్రమం అయిపోయింది. వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. నేను లిలువాలోనే ఉండిపోయాను. ఎవరితో మాట్లాడినా నా ఆలోచన ఒక్కచోటే తిరుగుతోంది, ఆయన అక్కడికి ఎందుకెళ్లాడని. రూపాలి వాళ్లుండేది అక్కడే, కానీ పోటీలో ఉన్నవాళ్ల గడప ఆయన తొక్కడు కదా. అక్కని అడగడానికి నోరు రాలేదు. ఒక మధ్యాహ్నం నాకు టీ ఇద్దామని గ్లాసు కడుగుతూ, కడిగిన గ్లాసే మళ్లీ కడుగుతూ, ఆమే అంది.

"నానే అంపీసేన్రా."

ఏం పంపావు, ఎక్కడికి పంపావు అన్నాను.

ఆయన పోయిన రోజు పొద్దున్న టీకి నీళ్లు పెట్టిందట. ఊరికే ఉండలేక, ఆ పిల్ల సినిమాలో ఆఖర్న లాంచీ బాగుందని అందట. బావ పేపరు దించి, ఏ లాంచీ అన్నాడట. పేర్లు పడిపోయాక నలుగురూ ఒకే లాంచీ ఎక్కారు కదా అని ఆమె. కాజాల పిల్ల, నీళ్లాయన, క్వార్టరాయన, ముగ్గురూ ఒకరికొకరు తెలియనట్టు బల్ల మీద కూర్చున్నారు, కంటికి కట్టుతో ముసలమ్మ ఎక్కింది, ఏదో అంది, ముగ్గురూ ఒక్కసారి ఇటు తిరిగారు.

అక్కడి నుంచి అక్క వాళ్లిద్దరి మాటల్నీ ఉన్నవున్నట్టు చెప్పింది.

"ఏటన్నాది?" అన్నాడట బావ.

"నాకేటి తెల్సు. సౌండు కట్టీసేరు కదేటి. నువ్వు అడ్డంగా నిల్చున్నావు. లాంచీ నీ సొక్కా మీద నుంచే ఎల్లింది."

టీ పొయ్యి మీద మరుగుతోంది. ఈమె వెనక్కి తిరిగి చూసేసరికి వీధి తలుపు తీసి ఉందట.

డాక్టరు గుండె అన్నాడు కదా అక్కా, నీ మాటకి గుండె ఆగదు అన్నాను. ఆమె నా వైపు చూడలేదు.

"గుండి ఎప్పట్నించో అలాగే ఉంది. సెప్పులు ఆవేళే ఏసుకున్నాడు" అంది.

నాకు రెండోసారి ఫోనొచ్చినట్టయింది. బావ ఒక తీర్పు ఇచ్చాక దాన్ని మళ్లీ చూసినట్టు మా అనుభవంలో లేదు. ఒక నాటికలో సొంత మేనల్లుడికి మార్కులు తగ్గించి, వాళ్లమ్మ ఏళ్ల తరబడి మాట్లాడకపోయినా మార్చలేదు. అలాంటి మనిషి, పోటీలో ఉన్న పిల్ల గడపే తొక్కని మనిషి, టీ కూడా తాగకుండా రెండు రైళ్లు మారి ఒక ముసలమ్మ ఏమన్నదో వినడానికి బయల్దేరాడు. చచ్చిపోయాడన్న వార్త కంటే ఈ వార్త నన్ను ఎక్కువ కుదిపేసింది. ఇలా రాయడం బాగుండదని తెలుసు. కానీ జరిగింది అదే.

నేను సంత్రాగాఛి వెళ్లాను. ఆ మెట్లే దిగాను. అక్కడ నిలబడి చూస్తే రూపాలి వాళ్ల క్వార్టరు పిట్టగోడ కనిపిస్తుంది. గోడ మీద చీర ఆరేసి ఉంది.

ఆ పిల్ల తలుపు తీసి, నేనేమీ అడగకముందే, బొడో దాదు చెప్పినట్టే చేశానంది. సినిమాని నాలుగు ముక్కలు చేసేసింది. సమాజం వాళ్లు అందులో రెండు ముక్కలు చాలన్నారట, నీళ్లదీ ముసలమ్మదీ విడివిడిగా పంపుతారట.

"లాంచీ?" అన్నాను.

"ఫేలే దియేఛి దాదు" అంది. తీసి పడేశానని. తర్వాత గొంతు తగ్గించి, "పడేశాను గానీ చెరపలేదు. చెయ్యి రాలేదు" అంది.

హాల్లో ఆరోజే ఎందుకు చెప్పలేదే, ఇంకా సినిమా ఉందని ఒక్క మాట అనొచ్చు కదా అని అడిగాను. జడ్జి చెప్పాక ఎదురు చెప్పకూడదు కదా, ఆయనే నేర్పారు అంది. తను తలొంచుకుని ఉంది, తెర మీద ఏం నడుస్తోందో తనకీ తెలియదు. ఆయన అన్నీ చూస్తారు, ఈ ముక్కని కూడా సమాజానికిచ్చిన కాపీలో ముందే చూసేసి ఆ మాట అన్నారనుకుందట. లాంచీ సరిపోలేదనుకుందట.

అప్పుడు చెప్పాను, బావ ఆ పొద్దున్న ఎక్కడికి బయల్దేరాడో. ఆ పిల్ల గుమ్మంలోనే కూలబడింది.

"నా దగ్గరికా?" అంది. కాసేపటికి, "చూసుంటే ఏమనేవారు?" అని అడిగింది.

తెలియదమ్మా అన్నాను. నిజంగానే తెలియదు. బావ ఆ ముక్క చూస్తే మెచ్చుకునేవాడని ఇక్కడ రాసేస్తే అందరికీ హాయిగా ఉంటుంది. కానీ ఆయన మీద రాస్తూ ఆయన ఇవ్వని మార్కులు నేను వేయకూడదు. ఇది అతుకు అని కూడా అనేవాడేమో. పేర్ల వెనకాల దాచినది కథ ఎలా అవుతుందని కూడా అడిగేవాడేమో. నాకు తెలిసిందల్లా, చూడకుండా చెప్పానని తెలిశాక ఆయన ఇంట్లో కూర్చోలేకపోయాడు.

సమాజం వాళ్లతో మాట్లాడ్డం ఇంకో ప్రహసనం. పరామర్శకి అక్క ఇంటికొచ్చిన కార్యదర్శి మంచివాడే. బావ అంటే ప్రాణం. అదే చిక్కు. జడ్జిగారి ఆఖరి తీర్పుని అక్షరం మార్చకుండా అమలు చేయడమే ఆయనకి మనమిచ్చే నివాళి అన్నాడు. సంతాపసభ రోజున ఆ తీర్పుని చదివి వినిపిస్తాడట.

"ఆయనే మళ్లీ చూద్దామని బయల్దేరాడయ్యా" అన్నాను.

"చూద్దామనా, మార్చుదామనా? మీకెలా తెలుసు బాబాయ్? ఆయన ఏ పని మీద వెళ్లారో. పోయినాయన పేరు మీద మనం తీర్పులు తిరగరాస్తామేటి?"

నిజం చెప్పొద్దూ, అది బావ అనే మాటే. బావ అక్కడుంటే కార్యదర్శి వైపే మాట్లాడేవాడేమో కూడా. అప్పుడు మాటలు వినిపించి లోపల్నుంచి అక్క వచ్చింది. సమాజం వ్యవహారాల్లో ఆమె ఎప్పుడూ నోరు తెరవలేదు. కార్యదర్శి గౌరవంగా లేచి నిలబడి, వెళ్లేటప్పుడు జడ్జిగారు మీతో ఏమన్నారమ్మా అని అడిగాడు.

"ఏటీ అన్లేదు బాబూ. ఆ ముసల్ది ఏటన్నాదని నన్నడిగేడు. నాకు తెల్దన్నాను. ఎల్లిపోయేడు." కొంగుతో చేతులు తుడుచుకుంది. "మార్కులు మీరేటి ఏసుకుంటారో ఏసుకోండి. ఆ ముసల్ది ఏటన్నాదో నాకు ఇనిపించండి. ఆయనకి సెప్పాల."

కార్యదర్శి మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత, సంతాపసభలో ఉపన్యాసాలు వద్దు, సినిమా వేద్దాం, విశాఖకి ఏం పంపాలన్నది అది చూశాక ఆలోచిద్దాం అన్నాడు. రూపాలి నాలుగు ముక్కల్నీ, లాంచీనీ మళ్లీ కలిపింది.

నిన్న సాయంత్రం వేశాం. హాలు నిండిపోయింది. ముందు బల్ల మీద ఎవరూ కూర్చోలేదు. నేను అక్కని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి అక్కడ కూర్చోబెట్టాను. ముందు వద్దంది. తర్వాత నట్టనడుమ, ఆయన కూర్చునే చోటే కూర్చుంది. నేను వెనక వరసలోకి వచ్చేశాను.

కథకీ కథకీ మధ్య ఎవరూ లైట్లు వేయలేదు. వేయకూడదని ఎవరూ అనలేదు కూడా, లేచేవాళ్లు లేక వేయలేదు. ఆ సినిమాని ఆగకుండా చూడటం మాకదే మొదటిసారి. నటన, దర్శకత్వం, రచన అని బావలాగే మూడు రకాలుగా చూడాలని నేను తయారై కూర్చున్నాను. కాజాల పిల్ల దగ్గరే లెక్క తప్పింది. ఆ పిల్ల మీద జాలి ఆరకముందే నీళ్లాయన వచ్చేశాడు. ఆయన తమ్ముడి వీధిలో నీళ్ల చప్పుడు చెవిలో ఉండగానే క్వార్టరాయన తాళాలు తీశాడు. బావ ఏదైతే జరగకూడదని జీవితమంతా కాపలా కాశాడో అదే జరిగింది. ఒక కథ ఏడుపు ఇంకో కథ మీద పడింది. క్వార్టరాయన ఉపన్యాసం మాత్రం ఇప్పుడూ ఎక్కువే. అక్కడ బావే నెగ్గాడు.

పేర్లు పడ్డాయి. ఎవరూ లేవలేదు. పేర్లు అయిపోయాక తెర నల్లబడి, మళ్లీ తెల్లారినట్టు మెల్లగా లాంచీ కనిపించింది. చెక్కబల్ల మీద ముగ్గురు, మనిషికీ మనిషికీ మధ్య ఇంకో మనిషి పట్టేంత ఎడంగా కూర్చున్నారు. ఎవరి గంగ వాళ్లు చూసుకుంటున్నారు. ముసలమ్మ కంటి కట్టుతో తడుముకుంటూ ఎక్కింది. వాళ్లెవరో ఆమెకి తెలియదు. అయినా అలవాటు చొప్పున కలకత్తా మొత్తానికీ చెప్పినట్టు అంది.

"కూసింత జరగండర్రా, కూకుంటాను."

ఆ తెలుగు మాటకి ముగ్గురూ ఉలిక్కిపడి ఇటు తిరిగారు. తర్వాత ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. జరిగారు.

ముందు బల్ల కిర్రుమంది. చీకట్లో మా అక్క, తెర మీంచి చూపు తిప్పకుండానే, ఎవరో పక్కన నిలబడి అడిగినట్టు, కొద్దిగా జరిగింది. రూపాలి తెర పక్కన తలొంచుకుని నిలబడే ఉంది. లాంచీ వెళ్లిపోయి తెర ఖాళీ అయ్యాక కూడా అక్క ఆ జరిగిన చోటే కూర్చుని ఉంది, పక్కన జానెడు బల్ల వదిలేసి.